గేమ్ వ్యసనం మీద డాక్యుమెంటరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నేను కూర్చుని అల్లినవి కావు. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో అప్పుడప్పుడూ ప్రొజెక్టర్ పెట్టి ఒక డాక్యుమెంటరీ వేస్తుంటాం. మామూలు రోజుల్లో పదిహేను మంది వస్తే గొప్ప. వీడియో గేమ్‌ల మీద సినిమా అంటే మాత్రం కుర్చీలు చాలవు. అయిపోయాక టీ తాగుతూ అడిగినవి, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అడిగినవి, కొన్ని కోపంగా అడిగినవి ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను డాక్టర్ని కాను. ఈ సినిమాలు ఒకటికి రెండుసార్లు చూసినవాణ్ణి, ఇంట్లో ఒక పదమూడేళ్ల గేమర్ ఉన్నవాణ్ణి.

ఒక్కటే చూసే టైముంది. ఏది చూడమంటారు?

'వెబ్ జంకీ'. గంటంపావులో అయిపోతుంది. షోష్ ష్లామ్, హిల్లా మెడాలియా అనే ఇద్దరు ఇజ్రాయెల్ దర్శకులు చైనా వెళ్ళి తీశారు. 2014 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించారు, మరుసటి ఏడాది అమెరికాలో పీబీఎస్ టీవీలో వచ్చింది. పాతదే, అందులో కనిపించే కంప్యూటర్లు ఇప్పుడు మ్యూజియంలో పెట్టేలా ఉంటాయి. అయినా మొదట ఇదే చూడమంటాను. గేమ్‌ల గురించి తీసిన సినిమాలో గేమ్ దాదాపు కనిపించకపోవడం ఇందులోనే చూశాను. మొత్తం కథ అమ్మానాన్నలకీ పిల్లలకీ మధ్యే.

అందులో అసలు ఏం చూపిస్తారు?

బీజింగ్ శివార్లలో దాషింగ్ అనే చోట సైనిక ఆసుపత్రికి చెందిన ఒక చికిత్సా కేంద్రం ఉండేది. ఇంటర్నెట్, గేమ్‌లు మానలేకపోతున్న పిల్లల్ని, ఎక్కువగా టీనేజ్ అబ్బాయిల్ని, తల్లిదండ్రులే తెచ్చి చేర్పించేవారు. తలుపులకు తాళాలు, కిటికీలకు ఊచలు, పొద్దున్నే సైనిక దుస్తుల్లో డ్రిల్లు, తలకు వైర్లు తగిలించి పరీక్షలు, మందులు, కౌన్సెలింగు. మూడు నాలుగు నెలలు ఇదే జీవితం. కొందరికి తాము ఎక్కడికి వస్తున్నామో కూడా చెప్పకుండా తెచ్చారు. లోపలికి వచ్చాక తెలుస్తుంది. కొందరు పారిపోవడానికి ప్రయత్నిస్తారు కూడా.

అప్పట్లో ఆ కేంద్రాన్ని నడిపిన తావ్ రాన్ అనే సైకియాట్రిస్టు సైన్యంలో అధికారి. గేమ్‌లను 'ఎలక్ట్రానిక్ హెరాయిన్' అని పిలిచేది ఆయనే. బాత్రూముకు వెళ్తే ఆట చెడిపోతుందని కొందరు పిల్లలు డైపర్లు కట్టుకుని ఆడతారని కెమెరా ముందు చెబుతాడు. మా హాల్లో ఆ మాటకు ఒక్కసారిగా 'ఛ ఛ' అన్నారు. వెనక వరసలో ఉన్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళు మాత్రం నవ్వారు.

నాకు గుర్తుండిపోయింది డ్రిల్లు కాదు, అమ్మానాన్నల్నీ పిల్లాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టే సెషన్లు. చైనాలో ఒక్క బిడ్డే ఉండాలన్న నియమం నడిచిన రోజుల్లో పుట్టిన పిల్లలు వీళ్ళు. ఇంటి ఆశలన్నీ ఒక్క నెత్తి మీదే. ర్యాంకు తగ్గిందని మొదలైన మాట ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తండ్రి గట్టిగా అరుస్తాడు, తల్లి ఏడుస్తుంది, పిల్లాడు గోడ వైపు చూస్తుంటాడు. భాష చైనీసే గానీ సబ్‌టైటిల్స్ తీసేసినా మనకు అర్థమవుతుంది.

దర్శకులు ఎక్కడా తీర్పు చెప్పరు. వ్యాఖ్యానం చెప్పే గొంతు కూడా ఉండదు. దానివల్ల ఒక చిక్కుంది. ఇంట్లో పిల్లాడితో ఇప్పటికే విసిగిపోయిన తండ్రి చూస్తే 'మనకూ ఇలాంటి సెంటర్ కావాలి' అనుకుంటూ బయటికొస్తాడు. మా హాల్లో ఇద్దరు సరిగ్గా ఇదే మాట అన్నారు.

అనుకుంటే తప్పేముంది? ఆ క్యాంపులు పని చేశాయి కదా?

పని చేశాయని సినిమా చెప్పదు. చివర్లో కొందరు ఇంటికి వెళ్తారు, అంతే. అలా వెళ్ళినవాళ్ళు ఆ తర్వాత ఎలా ఉన్నారో చూపించదు.

సినిమా బయట జరిగింది కూడా తెలుసుకోవాలి. చైనాలో ఇలాంటి కేంద్రాలు అన్నీ ఒక్క తీరుగా లేవు. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని లిన్‌యీ అనే ఊళ్ళో పిల్లలకు కరెంటు షాకులిచ్చి 'నయం' చేస్తుంటే 2009 జులైలో ఆరోగ్య శాఖే ఆపమంది. ఆ మరుసటి నెల నాన్నింగ్ నగరం దగ్గర ఒక క్యాంపులో పదిహేనేళ్ల అబ్బాయి సిబ్బంది కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. చేర్చి ఒక రోజు కూడా గడవలేదు. దాషింగ్ కేంద్రంలో ఇలా జరిగిందని నేననడం లేదు. 'మా వాణ్ణి బాగుచేయండి' అని డబ్బు కట్టి తాళం వెనక వదిలేసి వచ్చే పద్ధతికి ఈ చివర కూడా ఉంది.

తర్వాత చైనా వారానికి మూడు గంటలే ఆడాలన్న రూల్ పెట్టింది కదా?

అవును. 2021 ఆగస్టు చివర్లో పెట్టారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ళు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ ఆడాలి. అంతకుముందు 2019లో మామూలు రోజుల్లో గంటన్నర, సెలవుల్లో మూడు గంటలు ఉండేది. 'వెబ్ జంకీ' తీసేనాటికి ఇవేవీ లేవు.

'లవ్ చైల్డ్' గురించి విన్నాం. చూడగలమా?

చిన్న పిల్లలున్న వాళ్ళు ఆలోచించుకుని చూడండి. కొరియాలో ఒక యువ దంపతులకు పుట్టిన మూడు నెలల పాప 2009లో తిండి లేక చనిపోయింది. వాళ్ళు పాపను ఇంట్లో ఒంటరిగా వదిలి రాత్రుళ్ళు పీసీ బాంగ్‌లో గడిపేవారు. పీసీ బాంగ్ అంటే ఒకప్పటి మన అమీర్‌పేట నెట్ సెంటర్ లాంటిదే, కాకపోతే కుర్చీలు బాగుంటాయి, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. వాళ్ళు ఆడిన ఆట పేరు 'ప్రియస్ ఆన్‌లైన్'. అందులో ఆటగాడు 'అనిమా' అనే ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని పెంచాలి. తెర మీద పాపను పెంచుతూ ఇంట్లో పాపను మరిచారని 2010లో ప్రపంచమంతా పేపర్లు రాశాయి. ఇద్దరికీ రెండేళ్ల శిక్ష పడింది. ఆమె అప్పటికే మళ్ళీ గర్భవతి కావడంతో ఆమె శిక్షను నిలిపి ఉంచారు.

దర్శకురాలు వాలెరీ వీచ్. 'వెబ్ జంకీ' చూపించిన 2014 సన్‌డాన్స్‌లోనే ఇదీ వచ్చింది, నిర్మాణం హెచ్‌బీఓ. చనిపోయిన పాప పేరుకు కొరియన్‌లో 'ప్రేమ' అని అర్థం, సినిమా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. పోలీసులు, లాయరు, కేసు రాసిన విలేకరి మాట్లాడతారు. వింటూ ఉంటే కథ మెల్లగా మారుతుంది. ఆ దంపతులకు చెప్పుకోదగ్గ సంపాదన లేదు, చుట్టాల అండ లేదు, గర్భిణిగా ఆమె ఆసుపత్రి గడప తొక్కిందీ తక్కువే. గేమ్‌లో వస్తువులు అమ్మితే వచ్చేదే వాళ్ళ ఆదాయంలో ఒక భాగం. ఇవన్నీ విన్నాక కూడా వాళ్ళ మీద జాలి కలగాలని లేదు. నాకు పూర్తిగా కలగలేదు. 'గేమ్ చంపేసింది' అన్న హెడ్డింగ్ మాత్రం ఇక సరిపోదు.

ఈ సినిమాతో నాకొక పేచీ ఉంది. ఆటలోని దృశ్యాల్ని మరీ అందంగా, కలలా చూపిస్తూ ఉంటుంది. పక్కనే ఒక పసిపాప మరణం ఉన్నప్పుడు ఆ అందం ఇబ్బంది పెడుతుంది. అదే దర్శకురాలి ఉద్దేశం అని మా మిత్రుడొకడు వాదిస్తాడు. ఉండొచ్చు.

ఆ కేసు తర్వాత కొరియా ఏం చేసింది?

2011 నవంబరు నుంచి 'షట్‌డౌన్ చట్టం' అమలైంది. పదహారేళ్ల లోపు పిల్లలకు అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ గేమ్‌లు బంద్. అక్కడి జనం ముద్దుగా సిండ్రెల్లా చట్టం అన్నారు. పిల్లలేం చేశారో ఊహించడం కష్టం కాదు, అమ్మదో నాన్నదో గుర్తింపు నంబరు కొట్టి ఆడారు. ఈలోగా ఆటలన్నీ కంప్యూటర్ వదిలి ఫోన్లోకి వచ్చాయి, ఫోన్ గేమ్‌లకు ఆ చట్టం వర్తించదు. 2021 ఆగస్టులో ప్రభుత్వమే ఎత్తేస్తామని ప్రకటించింది, 2022 జనవరి 1తో అది ముగిసింది.

అన్నీ ఏడుపు కథలేనా? ఆటల వల్ల మంచి జరిగిందని చెప్పే సినిమా లేదా?

ఉంది. 2024లో వచ్చిన 'ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్'. దర్శకుడు బెంజమిన్ రే, నార్వే ఆయన. సన్‌డాన్స్‌లో దర్శకత్వానికీ, ప్రేక్షకుల ఓటుకీ రెండు అవార్డులూ తెచ్చుకుంది. 'వెబ్ జంకీ' మొదట చూడమన్నాను కదా, వెంటనే రెండో రోజు ఇది చూడండి. రెండూ కలిపి చూస్తేనే అసలు చర్చ మొదలవుతుంది.

మాట్స్ స్టీన్ అనే నార్వే యువకుడికి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాలు ఒక్కొక్కటిగా పని మానేసే జబ్బు. 2014లో ఇరవై అయిదేళ్లకు చనిపోయాడు. చివరి ఎనిమిదేళ్లో పదేళ్లో చక్రాల కుర్చీలో కూర్చుని 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడుతూ గడిపాడు, లెక్కేస్తే దాదాపు 20 వేల గంటలు. పిల్లాడు స్నేహితులు లేకుండా, ప్రేమ తెలియకుండా పోయాడే అని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతను రాసుకునే బ్లాగు పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరుంది. అందులో మరణవార్త పెడితే యూరప్ నలుమూలల నుంచీ ఈమెయిళ్ళు వెల్లువెత్తాయి. అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి మనుషులొచ్చారు. వాళ్ళకు అతను ఇబెలిన్, 'స్టార్‌లైట్' అనే గిల్డ్‌లో సభ్యుడు. గిల్డ్ అంటే గేమ్‌లో కలిసి ఆడే జట్టు.

ఆ గిల్డ్ వాళ్ళు ఆటలో జరిగిన సంభాషణలన్నీ దాచి ఉంచారు. 42 వేల పేజీలు! వాటిని పట్టుకుని అతని ఆటలోని జీవితాన్ని యానిమేషన్‌లో మళ్ళీ కట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక అమ్మాయి మార్కులు తగ్గాయని ఆమె తల్లిదండ్రులు కంప్యూటర్ తీసేసుకుంటే, మాట్స్ వాళ్ళకు మర్యాదగా ఒక ఉత్తరం రాశాడు. ఆటిజం ఉన్న కొడుకును దగ్గరికి తీసుకోలేక బాధపడుతున్న ఒక తల్లికి, అతనితో కలిసి గేమ్ ఆడమని చెప్పాడు. ఆ తల్లీకొడుకులు మొదట గేమ్‌లో ఒకరినొకరు కౌగిలించుకున్నారు, ఇంట్లో ఆ తర్వాత.

ఇబెలిన్ దేవుడేం కాదు. జబ్బు ముదిరాక తోటివాళ్ళతో పరుషంగా మాట్లాడాడు, కొందరిని దూరం చేసుకున్నాడు. సినిమా దాన్ని దాచలేదు. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

ఒక హెచ్చరిక. దీన్ని చూసి మీ అబ్బాయి 'చూశావా డాడీ' అంటాడు. మా వాడూ అన్నాడు. మాట్స్‌కు బయట పరిగెత్తే దారి మూసుకుపోయింది కాబట్టి ఆటలో పరిగెత్తాడు. సందు చివర గ్రౌండ్ ఉన్నవాడి సంగతి వేరు. ఆ మాట వాడికి చెప్పాను. ఒప్పుకున్నాడని చెప్పలేను.

గేమ్ వ్యసనం నిజంగా జబ్బేనా, లేక పేపర్లవాళ్ళ సృష్టా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది. ఐసీడీ-11 అనే ఆ జాబితాను 2019 మే నెలలో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 'గేమింగ్ డిజార్డర్' అని పేరు. మూడు విషయాలు చూస్తారు. ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం ఒకటి. చదువు, నిద్ర, మనుషులు అన్నీ వెనక్కిపోయి ఆటే ముందుకు రావడం రెండోది. నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా ఆపకపోవడం మూడోది. ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు సాగి, జీవితం గట్టిగా దెబ్బతిన్నప్పుడే ఆ పేరు పెడతారు.

గంటల లెక్క అందులో లేదని గమనించండి. మా హాల్లో అందరూ మొదట అడిగేది 'రోజుకు ఎన్ని గంటలు దాటితే వ్యసనం' అనే. సంక్రాంతి సెలవుల్లో రోజుకు ఆరు గంటలు ఆడి, స్కూలు తెరవగానే గంటకు తగ్గే పిల్లాడు ఈ లెక్కలోకి రాడు.

అమెరికా సైకియాట్రిస్టులు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకం ఇంకా జాగ్రత్తపడింది. జబ్బుగా ఖాయం చేయకుండా, మరింత పరిశోధన కావాలంటూ చివరి భాగంలో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తొందరపడిందని బహిరంగంగా రాసిన పరిశోధకులూ ఉన్నారు. ఇది వేరే బాధకు, డిప్రెషన్‌కో ఒంటరితనానికో, పైకి కనిపించే లక్షణం మాత్రమే కావచ్చన్నది వాళ్ళ వాదన. డాక్యుమెంటరీల్లో ఈ వాదన వినిపించేది తక్కువ. కెమెరాకు ఊచల కిటికీ దొరుకుతుంది గానీ సందేహం దొరకదు.

ఎంతమందికి ఉంటుంది?

సినిమా చూసి బయటికొస్తే ప్రతి రెండో పిల్లాడికీ ఉన్నట్టే అనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ ష్రిబిల్‌స్కీ, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్, కెనడా, జర్మనీల్లో సుమారు 19 వేల మందిని పరిశీలించి 2017లో రాసిన దాని ప్రకారం, డీఎస్ఎం-5 కొలతలకు సరిపోయే అవకాశం ఉన్నవాళ్ళు నూటికి ఒకరు, లేదా అంతకంటే తక్కువ. కొలత మారిస్తే అంకె మారుతుంది, అది వేరే సంగతి.

డోపమైన్ అనే మెదడు రసాయనం అంటారు కదా, డ్రగ్స్ లాగే పట్టేస్తుందని?

ఇలాంటి ప్రతి సినిమాలోనూ ఎర్రగా వెలిగే మెదడు బొమ్మ ఒకటి ఉంటుంది. ఈ మాటకు మూలాల్లో ఒకటి 1998లో 'నేచర్' పత్రికలో వచ్చిన లండన్ పరిశోధన. ఎనిమిది మంది మగవాళ్ళతో ట్యాంకు నడిపే ఆట ఆడిస్తే మెదడులో డోపమైన్ విడుదల పెరిగిందని చూశారు. ఎనిమిది మందే. పైగా డోపమైన్ పెరగడం ఒక్కటే వ్యసనానికి రుజువు కాదు. నచ్చిన తిండి తిన్నా, క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్ చూసినా మెదడులో ఆ దారే కదులుతుంది. బొమ్మ చూసి టెన్షన్ పడకండి.

ఈ సినిమాల్లో మన దేశం లేదేంటి?

లేదు. సినిమాకు సరిపడా కథ మాత్రం ఉంది. 2019 జనవరిలో పరీక్షల మీద విద్యార్థులతో, తల్లిదండ్రులతో ప్రధాని మాట్లాడే 'పరీక్షా పే చర్చా'లో ఒక తల్లి కొడుకు ఆన్‌లైన్ గేమ్‌ల గురించి చెబుతుంటే ప్రధాని మోదీ 'యే పబ్‌జీ వాలా హై క్యా' అన్నారు, హాలంతా నవ్వింది. రెండు నెలలకు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు నిషేధించిన పబ్‌జీ ఆడుతున్నారని కుర్రాళ్ళను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. కారణం వ్యసనం కాదు, చైనాతో సరిహద్దు గొడవ, డేటా భద్రత. మన ఇళ్ళలో మాత్రం 'మంచి పని చేశారు' అని వేరే కారణానికి సంతోషించారు. 2021లో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ ఆగింది, 2023లో మళ్ళీ వచ్చింది.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచే టెక్నాలజీ వాడకం మీద 'షట్ క్లినిక్' నడుస్తోంది. దాషింగ్ కేంద్రానికీ దీనికీ పోలిక లేదు, ఇది కౌన్సెలింగ్ క్లినిక్కు. ఎవరైనా తెలుగు దర్శకులు ఓపికగా ఆ వరండాలో కూర్చుంటే బాగుండు.

మా తమ్ముడు రమ్మీ యాప్‌లో లక్షలు పోగొట్టాడు. ఇదీ గేమ్ వ్యసనమేనా?

అది జూదం. జబ్బుల జాబితాలో కూడా వేరే పేరు మీద ఉంది, దాన్నీ దీన్నీ కలిపితే ఇద్దరికీ సాయం అందదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం చేసింది. తమ్ముడి అప్పుల సంగతి ముందు ఇంట్లో బయటపెట్టించండి, లోన్ యాప్‌లతో సహా.

రెంటికీ మధ్య గోడ పలచబడుతున్న మాట మాత్రం నిజం. డబ్బు కట్టి పెట్టె తెరిస్తే లోపల ఏముందో తెలియని 'లూట్ బాక్స్'ల్ని బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కకట్టింది. మీ పిల్లాడు 'స్కిన్ (ఆటలో బొమ్మకు వేసే వేషం) కొనుక్కుంటా, వంద రూపాయలే' అంటే ఏం కొంటున్నాడో పక్కన కూర్చుని చూడండి.

ఈ సినిమాలు పిల్లలకు చూపించొచ్చా? కాస్త భయపడి మానేస్తారని...

భయపెట్టడానికైతే వద్దు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. 'వెబ్ జంకీ' పెట్టి మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పావుగంటకు 'నన్నూ ఇలా పంపిస్తావా' అని అడిగాడు. వాడి మొహం చూశాక నేనే ఆపేశాను. వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆట మాత్రం ఒక్క రోజు కూడా ఆపలేదు, తలుపు వేసుకుని ఆడాడు.

పద్నాలుగు దాటినవాళ్ళతో 'ఇబెలిన్' కలిసి చూడండి, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. 'లవ్ చైల్డ్' పెద్దవాళ్ళకే.

మా వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే వస్తువులు విసురుతున్నాడు. ఏం చేయాలి?

ఆట మధ్యలో లాక్కోవడం మానండి. జట్టుగా ఆడే మ్యాచ్ మధ్యలో పోతే మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు, వాడికి అది పరువు సమస్య. 'ఈ మ్యాచ్ అయ్యాక' అనండి, అయ్యాక మాట మీద నిలబడండి. విసరడం తరచుగా జరుగుతుంటే, నిద్ర పూర్తిగా తలకిందులైతే, స్కూలు మానేస్తుంటే, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా సరే, సినిమాలూ ఇలాంటి పేజీలూ పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

'వెబ్ జంకీ' మధ్యలో నిద్రపోయాను. మళ్ళీ మొత్తం చూడలేను, ఏ భాగం చూస్తే చాలు?

తావ్ రాన్ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడే చోటు. డైపర్లు, హెరాయిన్ అన్న మనిషే అక్కడ గొంతు తగ్గిస్తాడు. ఈ పిల్లల పెద్ద సమస్యల్లో ఒకటి ఒంటరితనం అంటాడు. వాళ్ళు ఒంటరిగా ఉన్నారని మీకు తెలుసా అని అడుగుతాడు. తోడు కోసం, ప్రేమ కోసం వాళ్ళు ఎక్కడ వెతుక్కుంటున్నారో కూడా చెబుతాడు. అప్పుడు ఆయన్ని కాదు, వింటున్న ఆ అమ్మానాన్నల మొహాల్ని చూడండి.